కట్ట కింద ఎర్రనీళ్లు

అశోక్ నగర్‌లో మేడమీద ఒక గది ఖాళీగా ఉంటే చాలు, పోటీ పరీక్షల పుస్తకాలు మోసుకుంటూ ఎవరో ఒకరు వచ్చి చేరతారు. మా మేడమీద ఇప్పుడున్న అమ్మాయి ఇంజనీరు ఉద్యోగానికి చదువుతోంది. సాయంత్రం పూట మెట్లమీద కూర్చుని ప్రశ్నల పుస్తకం నా చేతికిచ్చి, "జర అడుగుండ్రి ఆంటీ" అంటుంది. కళ్లజోడు పెట్టుకుని ఎవరినైనా ప్రశ్నలడగడమంటే నాకూ సరదాయే. ఆ వంకన ఆ పిల్ల కప్పు టీ అయినా తాగుతుంది.

మొన్న అలాగే అడుగుతూ ఒక ప్రశ్న దగ్గరికి వచ్చాను. చెరువు మట్టికట్ట దిగువన ఊరే నీరు రంగు మారితే అది దేనికి సూచన? కింద నాలుగు జవాబులున్నాయి. ఆ అమ్మాయి పెన్ను కొరుకుతూ ఆలోచిస్తోంది. నేను ఆ నాలుగూ చదవకుండానే, "కట్ట లోపల మట్టి కొట్టుకొచ్చేస్తోందని. వెంటనే చూడకపోతే తెగుతుందని" అనేశాను.

"అరె, మీకెట్ల తెలుసు ఆంటీ?"

"మా నాన్న ఇరిగేషన్‌లో ఓవర్సీరుగా చేసేవారులే."

ఆ పిల్ల సంబరపడి తర్వాతి పేజీకి వెళ్లింది. నేను చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే సగమే. సగం చెప్పి ఊరుకోవడం నాకు చిన్నప్పుడే అబ్బింది. మిగతా సగం పెద్దయ్యాక ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకున్నప్పుడల్లా సిగ్గేసి ఇంకో మాటలోకి వెళ్లిపోయేదాన్ని.

అప్పట్లో మేము చిక్కడపల్లిలో ఒక పెంకుటింటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చాం. ముందు వాటాలో ఇంటివాళ్లు, తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లు. వాకిలి, నల్లా, ఒక జామచెట్టు రెండు ఇళ్లకూ ఉమ్మడి. మా వైపు నుంచి గోంగూర తాలింపు, వాళ్ల వైపు నుంచి కాలుతున్న జొన్నరొట్టె, రెండు వాసనలూ ఆ వాకిట్లో కలిసేవి. ఇంటావిడ మా పచ్చడి నాలుక మీద పెట్టుకుని, "అమ్మో చెల్లే, గింత కారం ఎట్ల తింటరు మీరు?" అని కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ గిన్నె చాపేది. మా అమ్మేమో గిన్నెకు అద్ది కాల్చే వాళ్ల సర్వపిండి రుచి మరిగి, "ఇవాళ పొయ్యి మీద గిన్నె పెట్టలేదా వదినగారూ?" అంటూ వాళ్ల గుమ్మం దగ్గర తచ్చాడేది. వాళ్లమ్మాయిది నా ఈడే. ఒకే బడి, ఒకే బెంచీ. నేను దాన్ని "ఒసేయ్" అనేదాన్ని, అది నన్ను "ఏమే" అనేది. మా ఇద్దరి మధ్య పేర్లతో పనిబడేది కాదు.

ఆ ఏడు చలికాలంలో బడులు మూసేశారు. ఇక్కడివాళ్లకు రావలసిన ఉద్యోగాలు కోస్తా వాళ్లకు పోతున్నాయని ఊరంతా గొడవ. ఆ కోపంలో న్యాయం ఎంత ఉందో నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా బడి లేదు, లెక్కల టీచరు లేదు. పొద్దున్నే పచ్చిశనగల కట్టలు కొనుక్కుని జామచెట్టు కింద ఒలుచుకు తినడం, ఉప్పు అద్దుకుని రేగుపళ్లు నమలడం, ఊరేగింపు వస్తే గేటెక్కి చూడటం, ఇదే పని. ఒకరోజు ఊరేగింపులో వాళ్లు గట్టిగా అరుస్తుంటే నా జతగత్తె కూడా చెయ్యెత్తి అరిచింది. దానితో సమానంగా నేనూ అరిచాను. "ఆంధ్రోళ్లు వాపసు పోవాలె!" అమ్మ వెనక నుంచి వచ్చి జడ పట్టుకుని లోపలికి లాగింది. "ఒసే తింగరిదానా, పొమ్మంటున్నది మనల్నేనే!"

ఇంటావిడ పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. "పిల్లలకేమెరుక చెల్లే. మీరెక్కడికి పోతరు, కూసోండ్రి" అంది. అమ్మ కూడా నవ్వింది గానీ ఆ రోజు నుంచి కూరగాయల బండి దగ్గర నోరు తెరవడం తగ్గించేసింది. వేలితో చూపించి కొనేది. నాన్న గొంతు కూడా తగ్గిపోయింది. అంతకుముందు వీధి చివరి నుంచే నన్ను కేకేసే మనిషి, సైకిలు బెల్లు కూడా కొట్టకుండా ఇంట్లోకి వచ్చేవారు. వెనక్కి పంపేసేవాళ్ల లిస్టు ఒకటి తయారవుతోందని ఆఫీసులో గుసగుసలట. అందులో తన పేరుందో లేదో తెలియదు. ఒక్క తప్పు దొరికితే ఉంటుందని ఆయన భయం.

నాన్న చేతి కింద ఊరి అంచున ఒకటి రెండు సర్కారు చెరువులుండేవి. వాటిలో ఒకదానికి ముషీరాబాద్ దాటి చాలాదూరం పోవాలి. చిన్న చెరువే. మట్టికట్ట, నీళ్ల వైపు పేర్చిన రాళ్లు, కింద పొలాలకు నీళ్లు వదిలే ఒక పాత తూము. కట్ట దిగువన కూలివాళ్ల గుడిసెలు. బడి ఉన్న రోజుల్లో ఒక ఆదివారం నాన్న నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. నీచు వాసన, నాచు వాసన కలిసి గాలి చల్లగా తగిలింది. అక్కడ ఆ చెరువును కాచే నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కట్ట చూసుకోవడం ఆయన పని. ఆయన తండ్రీ తాతా చేసిందీ అదేనట. బక్కపలచటి మనిషి, తలకు రుమాలు, భుజాన పార. నేను ఆయన్ని తాతా అని పిలిచేదాన్ని. ఆ రోజు పచ్చిశనగల చెట్లను ఎండుటాకుల మంటలో కాల్చి, మసి ఊది, వేడివేడిగా నా గౌనులో పోశాడు. అంత రుచిగల శనగలు మళ్లీ తినలేదు.

"చెప్పులేసుకోవా తాతా? ముళ్లు గుచ్చుకోవూ?" అన్నాను.

"చెప్పులేస్తే కట్ట సంగతి కాలుకు తెల్వది బిడ్డా" అన్నాడు. పొద్దునా సాయంత్రం కట్టంతా ఒట్టి కాళ్లతో నడిచేవాడు. ఎక్కడ మెత్తబడిందో ఆయన అరికాలికి తెలిసిపోయేది.

కట్ట కింద ఒకచోట సన్నగా నీళ్లు ఊరుతున్నాయి. చెరువుకు చిల్లు పడిందేమోనని నేను బెంబేలెత్తిపోయాను. నాన్న నవ్వారు. "మట్టికట్ట అన్నాక కొంచెం ఊరుతుందమ్మా. ఊరిన నీళ్లు తేటగా ఉన్నంతకాలం భయం లేదు. ఎర్రగా వచ్చాయనుకో, లోపలి మట్టిని తోడుకొస్తున్నాయన్నమాట. అప్పుడు ఒక్కరోజు కూడా ఆగకూడదు." అది పాఠం చెప్పినట్టు నాకు చెప్పారు. కాబట్టి తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు. తెలుసు. ఆ ఘడియకు గుర్తు రాలేదు, అంతే.

గొడవలు మొదలయ్యాక నాన్న చెరువు దాకా వెళ్లడం కుదరలేదు. దారిలో రాళ్లు, లాఠీలు, మధ్యలో కర్ఫ్యూ. ఓవర్సీరు కోస్తా మనిషని ఆ దారిన అందరికీ తెలుసు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడేది. అందుకని నాన్న ఒక ఏర్పాటు చేసుకున్నారు. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, తాత ఆ ఊటనీళ్లు ఒక గాజుసీసాలో పట్టి మా ఇంటికి తెచ్చివ్వాలి. నాన్న సాయంత్రం సీసా వెనక పేపరు పెట్టి చూసేవారు. అక్షరాలు కనిపిస్తే రిజిస్టరులో "ఊట తేట" అని రాసి సంతకం చేసేవారు. తాత మళ్లీ వచ్చినప్పుడు పాత సీసా పట్టుకెళ్లేవాడు. అంత దూరం నడిచి వచ్చిన మనిషికి అమ్మ కాఫీ ఇచ్చేది. ఆ గ్లాసు విడిగా నల్లా గట్టు మీద ఉండేది. తాతే కడిగి, బోర్లించి వెళ్లేవాడు. అప్పుడు అది నాకు వింతగా కూడా అనిపించలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం తాత రొప్పుతూ వచ్చాడు.

"బిడ్డా, సారు లేడా?"

"ఆఫీసుకెళ్లారు తాతా."

"అమ్మ?"

"మడిలో ఉంది. బయటికి రాదు."

తాత వీధి వైపు చూశాడు. "నేనాగలేను. మూడు దాటితే తొవ్వ బంద్ జేస్తరంట, పోలీసోళ్లు నిలబడ్డరు. ఇగో, ఈ సీస సారు చేతికే ఇయ్యి. నీళ్లు ఎర్రగొస్తున్నయని చెప్పు. రేపు పొద్దుగాల ఎట్లన్న జేసి రమ్మను. మర్చిపోవు గద?"

"మర్చిపోను తాతా."

కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సీసా అరుగు మీద పెట్టాను. అప్పుడే నా జతగత్తె తన బొమ్మ కప్పులూ సాసర్లూ తీసుకుని వచ్చింది. ఆ రోజుల్లో మాకు పిచ్చి పట్టిన ఆట ఒకటుండేది, హోటలాట. వీధి మలుపులో ఇరానీ హోటలు ఉండేది. బిస్కట్ల వాసన, మరిగే చాయ్ వాసన వీధి పొడుగునా కొట్టేది. మేము ఆ ముందునుంచి పోతూ లోపలికి తొంగి చూడటమే గానీ ఆడపిల్లలు లోపలికి వెళ్లి కూర్చోవడం మా ఇళ్లలో ఎరగరు. అందుకని అరుగు మీద మేమే హోటలు పెట్టాం. రోజూ ఒట్టి నీళ్లు పోసుకుని అది చాయ్ అనుకోవాల్సి వచ్చేది.

నా జతగత్తె సీసా చూసి కళ్లు పెద్దవి చేసింది. "ఏమే, ఇది అచ్చం ఇరానీ చాయ్ లెక్కనే ఉన్నదే!"

నిజమే. ఆ రంగే. నేను సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూశాను. కొంచెం పోస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. తర్వాత ఇంకొంచెం. "రెండు చాయ్, ఒక్క పౌనా!" అని అది హోటలు కుర్రాడిలా కేకేస్తే నేను పోశాను. ఇటుకరాళ్లు మా హోటలుకొచ్చిన గిరాకీలు, జామచెట్టుకు కూడా ఒక కప్పు. ఇద్దరం పకపకా నవ్వుకుంటూ ఆడి ఆడి, చివరికి సీసా తలకిందులు చేస్తే చుక్క రాలేదు. కప్పుల అడుగున ఎర్రటి ఒండ్రు పేరుకుంది. దాన్ని నా గౌను అంచుతో తుడిచేశాను. ఆ నీళ్లు తేటగా ఉండి ఉంటే మేము ముట్టుకునేవాళ్లమే కాదు.

అప్పుడు గుర్తొచ్చింది, సీసా సారు చేతికే ఇయ్యాలని. నాన్న కొట్టే మనిషి కాదు గానీ ఆఫీసు వస్తువు ముట్టుకుంటే మాత్రం ఊరుకోరు. నా జతగత్తె, "నల్లా నీళ్లు పొయ్యే. నీళ్లే గద, ఎవలకు తెలుస్తది" అంది. అది అలా అన్నదని ఇప్పుడు తప్పు దాని మీదికి నెట్టను. పోసింది నేను. నల్లా కింద సీసా పెట్టి నింపి, బిరడా బిగించి, గౌనుతో తుడిచి గూట్లో పెట్టింది నేను.

ఇక చెప్పాల్సిన మాట ఒకటి మిగిలింది. నీళ్లు ఎర్రగా వస్తున్నాయని చెప్పమన్నాడు తాత. సీసాలో నీళ్లు తళతళలాడుతున్నాయి. ఎర్రగా అని చెబితే, మరి ఇవేమిటని అడుగుతారు. ఆ మాట మింగేశాను.

సాయంత్రం నాన్న వచ్చారు. కళ్లు ఎర్రబారి ఉన్నాయి, నారాయణగూడ చౌరస్తాలో పొగగుండ్లు పేల్చారట. చొక్కాలోంచి ఘాటు వాసన వస్తోంది. కాళ్లు కడుక్కోకుండానే గూట్లోంచి సీసా తీసి, వెనక పేపరు పెట్టి చూశారు. అక్షరాలు శుభ్రంగా కనిపించాయి. "హమ్మయ్య, ఇదొక్కటైనా సవ్యంగా ఉంది" అని గోడకు చేరగిలపడి కళ్లు మూసుకున్నారు. ఎన్నాళ్ల తర్వాతో ఆయన ముఖం అలా తేరుకోవడం చూశాను. నాన్నకు మేలు చేశాననే అనుకున్నాను.

మంగళవారమంతా తాత అక్కడ కట్ట మీద సారు కోసం చూశాడు. బుధవారం పొద్దున్నే ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చాడు.

"సారూ, రాకపోతిరి. నీళ్లు ఇంకింత ఎర్రగయినయి. తూము పక్కన కట్ట కాలు కింద మెత్తగ తగుల్తున్నది. నా బిడ్డ, దాని పిల్లలు కట్ట కిందనే ఉన్నరు సారూ. జర రాండ్రి."

నాన్న లేచి గూట్లోంచి సీసా తెచ్చి ఆయన ముఖం ముందు పెట్టారు. "ఇది నువ్వు తెచ్చింది కాదూ? సోమవారం ఇంత తేటగా ఉంటే ఇవాళ్టికి కట్ట మెత్తబడిపోయిందా?"

తాత సీసా అందుకున్నాడు. బిరడా తీసి, చుక్క అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ చెరువు నీళ్లు తాగిన మనిషి. నల్లా నీళ్ల రుచి ఆయనకు ఒకరు చెప్పాలా? తల ఎత్తి చూశాడు. తలుపు చాటున నేను. కళ్లు కలిశాయి. నేను తల దించుకున్నాను.

నాన్న గొంతు పెరిగింది. అన్ని రోజులుగా ఎవరి మీదా ఎత్తలేని గొంతు ఆ ముసలాయన మీద ఎత్తారు. "నువ్వు కూడా మొదలుపెట్టావా? కోస్తావాడు కదా, ఏదో ఒకటి చెప్పి పరుగులు పెట్టించి, తప్పు పట్టించి, పంపించేద్దామనా? ఎవరు నేర్పించి పంపారు నిన్ను?"

తాత ముఖం వాడిపోయింది. నా పేరు ఎత్తుతాడనుకున్నాను. ఆయన బిరడా మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు. "నాకెవరు నేర్పలే సారూ. నేనే సరిగ్గ ముంచలేదేమో. రేపు ఇంకో సీస తెస్త, మీ కండ్ల ముంగటనే చూడుండ్రి" అన్నాడు. సీసా గట్టు మీద పెట్టి, వంగి వంగి నడుచుకుంటూ పోయాడు. పదేళ్ల పిల్లకు దెబ్బలు తప్పించడానికి ఆయన అబద్ధాలకోరు అనిపించుకున్నాడు. నేను తలుపు చాటు నుంచి కదలలేదు.

రేపు రానే లేదు. ఆ మధ్యాహ్నమే కర్ఫ్యూ పెట్టారు. మూడు రోజులు ఊళ్లో పిట్ట కదల్లేదు. నాలుగో రోజు కర్ఫ్యూ సడలించగానే చెరువు కింద పొలాలున్న పట్టాదారు ఒకాయన మా వాకిట్లోకి వచ్చి నిలబడి అరిచాడు.

"ఓవర్సీరు సాబ్! మీ నీరటోడు ఎవల్ని అడిగి తూము ఎత్తిండు? సగం చెరువు కాల్వలకు వదిలిండు. మా యాసంగి నాట్లన్ని మునిగిపాయె. ఇగ ఎండకాలం దాక నీళ్లేడికెళ్లి తెస్తరు?"

నాన్న అన్నం ముందునుంచి లేచి సైకిలెక్కారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి అమ్మతో చెబుతుంటే విన్నాను. నీళ్లు సగానికి దిగిపోయాయి. కట్ట చెక్కుచెదరకుండా ఉంది. దిగువన ఊట చుక్క కూడా లేదు, ఆరిపోయింది. గుడిసెల వాళ్లందర్నీ తాత ముందే సామాన్లతో సహా గట్టెక్కించాడట. "ఉత్తపుణ్యానికి ఊరంతా హడలగొట్టాడు. మతి చలించినట్టుంది వాడికి" అన్నారు నాన్న.

నాకు మాత్రం తెలుసు. నీళ్లు దిగబట్టే ఊట ఆగింది. కట్ట తెగి ఉంటే తాత చెప్పింది నిజమని అందరూ ఒప్పుకునేవాళ్లు. తెగకుండా ఆపాడు కాబట్టి ఆయన దగ్గర రుజువు లేకుండా పోయింది. రుజువంతా నాన్న రిజిస్టరులో ఉంది, "ఊట తేట" అని.

విచారణకు పెద్ద ఇంజనీరుగారు వస్తున్నారన్నారు. ఆఫీసు ముందు రాళ్లు పడుతున్నాయని, విచారణ మా ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ ముందురోజు, దీపాలు పెట్టే వేళకు, నాన్న వాకిట్లో సైకిలు తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. హోటలాట, నల్లా నీళ్లు, తాత చెప్పమన్న మాట, అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా.

నాన్న తుడవడం ఆపేశారు. తిడతారని చూశాను, కొడతారని చూశాను. చివరికి అడిగింది ఒకటే. "ఇది ఇంకెవరికి తెలుసు?"

"ముందింటి అమ్మాయికి."

"ఎవరితోనూ అనొద్దని చెప్పు దానికి."

ఆయన ముఖం వైపు చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. నాన్నకు భయం వేస్తోంది. తప్పు ఒప్పుకుంటే లిస్టులో పేరు, లిస్టులో పేరుంటే ఉద్యోగం, ఉద్యోగం పోతే మేం ముగ్గురం రోడ్డు మీద. అదంతా ఇప్పుడు విడదీసి చెప్పగలుగుతున్నాను. అప్పుడు కనిపించింది భయమొక్కటే. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు, నేను తిన్నాను.

నా జతగత్తె దగ్గరికి వెళ్లి నా పట్టు రిబ్బను దాని చేతిలో పెట్టాను. అది రిబ్బను తీసుకోలేదు. "తాత నౌకరి పోతదేమోనే?" అంది.

"పోదు. నాన్న చూసుకుంటారు" అన్నాను. అది నమ్మింది.

మర్నాడు పెద్ద ఇంజనీరుగారు పేముకుర్చీలో కూర్చున్నారు. అమ్మ నెయ్యి వేసి ఉప్మా చేసింది, జీడిపప్పు కూడా వేసింది. ఆ వాసన వాకిలంతా నిండింది. తాత జామచెట్టు పక్కన రుమాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను కిటికీ దగ్గర.

ఇంజనీరుగారు రిజిస్టరు తిప్పారు. "ఇందుల సాఫ్‌గ రాసి ఉంది గదా, తేట అని. మరి నువ్వెందుకు తూము తీసినవ్?"

"నీళ్లు ఎర్రగొచ్చినయి సాబ్."

"నువ్వు గాక ఇంకెవలన్న చూసిండ్రా?"

తాత కళ్లు ఒక్కసారి కిటికీ మీదికి వచ్చాయి. వచ్చి, వెళ్లిపోయాయి. "లేదు సాబ్. నేనొక్కణ్నే చూసిన."

"ఓవర్సీరు సాబ్, మీరు సీస మీ కండ్లతోని చూసిండ్రా?"

నాన్న గొంతు సవరించుకున్నారు. "చూశానండి. తేటగానే ఉంది."

అందులో అబద్ధం లేదు. ఆయన చూసిన సీసా తేటగానే ఉంది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది నాన్న మాట కాదు. ఆ మాట వినగానే నా గుండె మీంచి బరువు దిగిపోయింది. హాయిగా అనిపించింది. తాత కాగితం మీద వేలిముద్ర వేసి, చెట్టు కింద నిమిషం సేపు ఊరికే నిలబడి ఉంటే, ఈయన ఇంకా వెళ్లడేమిటి అనుకున్నాను. ఆ పిల్లను ఇప్పుడు పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది, కానీ అది నేనే.

తాతను పనిలోంచి తీసేశారు. కట్ట మీది పాక నీరటికి ఇచ్చేదట, అదీ ఖాళీ చేయించారు. అక్కడ పుట్టి పెరిగిన మనిషి.

ఎండాకాలంలో చెరువు పూర్తిగా ఎండాక నాన్న తూము పక్కన కట్టను తవ్వించారు. మామూలు మరమ్మతు అని కాగితం పెట్టారు. ఎవరినీ నమ్మకుండా పదిహేను రోజులు ఎండలో తనే నిలబడ్డారు. ఒకరోజు వచ్చి అమ్మతో, "లోపల మనిషి కూర్చునేంత గుల్ల ఉంది" అన్నారు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "అయితే ఆ ముసలాయన చెప్పింది నిజమేనా ఏమండీ?"

"అన్నం పెట్టు" అన్నారు నాన్న.

ఆ గుల్లను బంకమట్టితో కూరించి, దిమ్మిసతో కొట్టించారు. నాన్న పేరు ఏ లిస్టులోనూ రాలేదు. ఈ ఊళ్లోనే రిటైరయ్యారు, ఈ ఊళ్లోనే పోయారు. నేనూ ఆయనా ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. నా పెళ్లప్పుడూ, ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడూ, ఇద్దరమే ఉన్న గదిలో ఒక్కోసారి ఆ మాట మా మధ్యకు వచ్చినట్టే ఉండేది. ఎవరో ఒకరం లేచి మంచినీళ్లకు వెళ్లేవాళ్లం. చెరువు ఇప్పుడు లేదు. కట్ట ఎన్నడూ తెగలేదు, చెరువే పూడిపోయి ఇళ్లయ్యింది. ఆ కట్ట మీద ఇప్పుడు రోడ్డు వేశారు, ఆటోలో నేనే రెండు మూడుసార్లు పోయాను.

తాతను నేను ఇంకొక్కసారి చూశాను. ఎండలు తగ్గుముఖం పట్టాక, బడులు తెరుస్తారనగా, అమ్మ పాత పుస్తకాలు కొనడానికి నన్ను నారాయణగూడ తీసుకెళ్లింది. అమ్మ కొట్లో బేరమాడుతోంది. నేను బయట నిలబడ్డాను. పక్కన ఎవరిదో ఇల్లు కడుతున్నారు. మట్టితట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న మనిషి నన్ను చూసి ఆగాడు. తట్ట దించి, చేతులు పంచెకు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా! బాగున్నవా? బడి తెరుస్తుండ్రా?"

తలూపాను. కాళ్లకు చెప్పులున్నాయి. టైరు చెప్పులు.

"సారు మంచిగున్నడా?"

మళ్లీ తలూపాను.

"కట్టకు మన్ను కొట్టిచ్చిండంట గద, ఇన్న. మంచి పని జేసిండు." ఆ మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను, లేదు. "గని కొత్త మన్ను బిడ్డా, మొదటి వానకు కుంగుతది. వాన పడంగనే తూము పక్క జాగల ఒక్కసారి తొక్కి చూసుకొమ్మని సారుకు చెప్పు. కింద పిల్లలున్నరు. చెప్తవ్ గద?"

"చెప్తాను తాతా."

అమ్మ పుస్తకాల కట్టతో బయటికి వచ్చింది. అప్పటికే ఆయన తట్ట ఎత్తుకుని వెళ్లిపోతున్నాడు. "ఎవరే అతను?" అంది.

"ఎవరో. దారి అడిగాడు" అన్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న మంచం మీద పడుకుని పేపరు చదువుకుంటున్నారు. మంచం దగ్గరికి వెళ్లాను. ఏం కావాలమ్మా అన్నారు. తాత కనిపించాడని చెప్పాలి. ఎక్కడ, ఏం చేస్తున్నాడు అని అడుగుతారు. అప్పుడు ఆ సాయంత్రం సైకిలు దగ్గర చూసిన ముఖం మళ్లీ చూడాల్సి వస్తుంది. ఏమీ లేదు నాన్నా అన్నాను.

ఆ వారమే మొదటి వాన పడింది. పెంకుల మీద దబదబా కొడుతుంటే నేనూ నా జతగత్తె వాకిట్లో గంతులేశాం. తాత చెప్పమన్న ఆ మాట కూడా నేను నాన్నకు చెప్పలేదు.